వాల్‌స్ట్రీట్ ఉద్యోగ వివాదాల్లో వకీలు ఎప్పుడు కావాలి

అమెరికాలో బ్రోకరేజీ సంస్థ నుంచి రిజిస్టర్డ్ (లైసెన్సున్న) ఉద్యోగి బయటికి వచ్చిన ప్రతిసారీ, అది తొలగింపైనా రాజీనామా అయినా, సంస్థ 30 రోజుల్లోగా ఫారం యు5 అనే నోటీసు దాఖలు చేయాలి. ఆ మనిషి ఎందుకు వెళ్లిపోయాడో అందులో రాయాలి. రాసేది సాధారణంగా రెండు మూడు వాక్యాలే. అవి సీఆర్‌డీ అనే కేంద్ర రికార్డులో చేరతాయి. రేపు ఉద్యోగం ఇవ్వాలనుకునే ప్రతి సంస్థా, లైసెన్సు ఇవ్వాల్సిన ప్రతి రాష్ట్ర నియంత్రణ సంస్థా ముందుగా చూసేది వాటినే. తొలగింపు వెనక మోసమో, పెట్టుబడి నిబంధనల ఉల్లంఘనో జరిగిందన్న ఆరోపణ ఉంటే బ్రోకర్ల చరిత్రను అందరికీ చూపించే బ్రోకర్‌చెక్ వెబ్‌సైటులో ఖాతాదారులూ చదువుతారు.

ఈ రంగంలో ఉద్యోగ వివాదం అనగానే బోనసు బకాయిలు, వివక్ష, అక్రమ తొలగింపు గుర్తుకొస్తాయి. వీటికి వకీలు కావాలని అందరికీ తెలుసు. ఎప్పుడు కావాలన్నదే చాలామంది పట్టించుకోరు. కేసు వేసే రోజున వకీలును వెతుక్కోవడం మామూలు అలవాటు. సెక్యూరిటీస్ (షేర్లు, బాండ్ల) రంగంలో ఆ అలవాటు కొంప ముంచుతుంది. ఇక్కడ వివాదం తేలే చోటు కోర్టు కాదు. పైకోర్టుకు మామూలు అప్పీలు లేదు. తీర్పు ఇచ్చేవారు కారణాలు రాయాల్సిన పనీ లేదు. కేసును నిలబెట్టే కాగితాలు, కూలగొట్టే కాగితాలు అన్నీ కేసుకు ముందే, చాలాసార్లు ఆ 30 రోజుల్లోనే తయారవుతాయి. సంస్థ తరఫున వాటిని సరిచూసే వకీళ్లు మొదటి రోజు నుంచీ ఉంటారు. ఉద్యోగి తరఫున ఆ సమయానికి సాధారణంగా ఎవరూ ఉండరు. అసలు అసమానత ఇదే.

కోర్టు ఎందుకు కాదన్నది ముందు చూడాలి. బ్రోకరుగా పనిచేయాలంటే ఫారం యు4 మీద సంతకం పెట్టాలి. అది ఉద్యోగ దరఖాస్తు లాంటి కాగితమనే చాలామంది అనుకుంటారు. సంస్థతో వచ్చే వివాదాలను ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టు బయట మధ్యవర్తుల ముందే తేల్చుకుంటానన్న ఒప్పందం అందులోనే ఉంటుంది. ఆ ఆర్బిట్రేషన్‌ను నడిపేది ఫిన్రా. బ్రోకరేజీ సంస్థల జాతీయ సంఘమైన ఎన్‌ఏఎస్‌డీ, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి చెందిన నియంత్రణ విభాగం కలిసి 2007లో ఏర్పడిన ఈ సంస్థ ప్రభుత్వ శాఖ కాదు. బ్రోకరేజీ సంస్థలే సభ్యులుగా, ప్రభుత్వ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ పర్యవేక్షణలో పనిచేసే స్వీయ నియంత్రణ సంస్థ. లైసెన్సులు, తనిఖీలు, క్రమశిక్షణ చర్యలు, వివాద పరిష్కారం అన్నీ దాని పరిధిలోనివే.

ఈ సంతకానికి ఎంత బలముందో 1991లో గిల్మర్ కేసు తేల్చింది. రాబర్ట్ గిల్మర్ ఇంటర్‌స్టేట్/జాన్సన్ లేన్ అనే సంస్థలో మేనేజరు. 1987లో ఆయన్ను తొలగించారు. అప్పటికి వయసు 62. వయసు కారణంగానే తీసేశారని ఫెడరల్ చట్టం కింద కోర్టుకెళ్లారు. రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకున్నారు కాబట్టి వివక్ష ఫిర్యాదు కూడా అక్కడికే వెళ్లాలని అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో చెప్పింది. చట్టం ఇచ్చిన హక్కు పోలేదు, దాన్ని అడిగే చోటు మాత్రమే మారిందన్నది కోర్టు వాదన. చోటు మారితే హక్కు విలువా మారుతుందని ఈ రంగంలో పనిచేసిన మహిళలు తర్వాతి కొన్నేళ్లలోనే చూపించారు. స్మిత్ బార్నీ సంస్థ లాంగ్ ఐలాండ్ శాఖలో, బేస్‌మెంటులోని ‘బూమ్ బూమ్ రూమ్’ అనే పార్టీ గది చుట్టూ నడిచిన లైంగిక వేధింపులపై 1996లో వేసిన దావా దేశమంతా చర్చకు వచ్చింది. వేధింపులకు గురైనవారు జ్యూరీ ముందుకు వెళ్లే దారి లేకపోవడం అప్పుడు జనానికి అర్థమైంది. 1999 జనవరి 1 నుంచి నిబంధన మారింది. వివక్ష వ్యతిరేక చట్టాల కింద వచ్చే ఫిర్యాదులను యు4 సంతకం ఒక్కదాని ఆధారంగా ఆర్బిట్రేషన్‌కు పంపడం ఆగింది.

ఈ సడలింపును చూసి ధీమా పడకూడదు. సంస్థ విడిగా ఉద్యోగ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు పెడితే వివక్ష ఫిర్యాదు మళ్లీ అక్కడికే వెళ్తుంది. పెద్ద సంస్థలు ఎక్కువగా చేస్తున్నదీ అదే. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం కంపెనీల లెక్కల మోసాలను అరికట్టే సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం కింద వచ్చే విజిల్‌బ్లోయర్ (లోపలి తప్పులు బయటపెట్టిన ఉద్యోగి) ఫిర్యాదులను, 2022 మార్చిలో వచ్చిన చట్టం లైంగిక వేధింపులు, దాడుల ఫిర్యాదులను ఈ బలవంతపు ఆర్బిట్రేషన్ నుంచి తప్పించాయి. ఒకే ఉద్యోగికి ఒకే తొలగింపు మీద మూడు రకాల ఫిర్యాదులు ఉండొచ్చు. ఒకటి కోర్టుకు వెళ్లగలిగేది, ఒకటి ఫిన్రాకే వెళ్లాల్సింది, మరొకటి ముందుగా కార్మిక శాఖలోనో, సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌లోనో గడువులోగా దాఖలు చేయాల్సింది. ఏది ఎక్కడ వేయాలో తేల్చడమే వకీలు చేసే మొదటి పని. ఇక్కడ తప్పటడుగు పడితే మంచి ఫిర్యాదు కూడా గడువు దాటి చచ్చిపోతుంది.

ఇక సంస్థ లోపల జరిగేది చూద్దాం. తొలగింపుకు ముందు చాలాసార్లు అంతర్గత విచారణ ఉంటుంది. ఉద్యోగిని ఒక గదిలోకి పిలుస్తారు. నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ అధికారి, మానవ వనరుల విభాగం నుంచి ఒకరు, సంస్థ వకీలు ఎదురుగా కూర్చుంటారు. వకీలు మొదట కొన్ని మాటలు చెబుతారు: నేను సంస్థ తరఫు వకీలును, మీ తరఫున కాదు, ఈ సంభాషణకు గోప్యత ఉంది, కానీ ఆ గోప్యత సంస్థది, కావాలనుకుంటే సంస్థ దీన్ని ఇతరులకు వెల్లడించవచ్చు. 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన అప్‌జాన్ తీర్పు నుంచి వచ్చిన హెచ్చరిక ఇది. కంగారులో ఉన్న ఉద్యోగికి అది లాంఛనంగా వినిపిస్తుంది. నిజానికి ఆ రోజు ఆయన వినే మాటల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ఆ గదిలో చెప్పిన ప్రతి మాటా రేపు యు5లో, ఆ తర్వాత ఫిన్రా విచారణాధికారి చేతిలో, చివరికి ఆర్బిట్రేటర్ల బల్ల మీద తేలవచ్చు.

ఆ గదికి సొంత వకీలును తీసుకెళ్లే హక్కు ఉందా? ప్రైవేటు సంస్థ అంతర్గత విచారణలో సాధారణంగా లేదు. యూనియన్ ఉన్న కార్మికులకు మాత్రం, శిక్షకు దారితీయగల విచారణలో యూనియన్ ప్రతినిధిని వెంట ఉంచుకునే హక్కును 1975లో వైన్‌గార్టెన్ తీర్పు ఖాయం చేసింది. బ్రోకర్లకు సాధారణంగా యూనియన్లు ఉండవు. మన దేశంలో ఇదే ప్రశ్న వేరే దారిలో నడిచింది. శాఖాపరమైన విచారణలో ఉద్యోగి వకీలును పెట్టుకునే హక్కు మామూలుగా ఉండదు గానీ, యాజమాన్యం తరఫున న్యాయశాస్త్రం చదివినవారు కూర్చున్నప్పుడు ఉద్యోగికి వకీలును నిరాకరించడం సహజ న్యాయానికి విరుద్ధమని బొంబాయి పోర్టు ట్రస్టు, నాడ్కర్ణి కేసులో మన సుప్రీంకోర్టు 1980ల ఆరంభంలోనే చెప్పింది. కార్మిక ట్రైబ్యునళ్ల విషయంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షన్, అవతలి పక్షం ఒప్పుకోనిదే వకీళ్లకు ప్రవేశం లేదంది. ఆ చట్టం రెండు వైపులా వకీళ్లను తగ్గించి సమానత్వం తేవాలని చూసింది. వాల్‌స్ట్రీట్‌లో అలాంటి ఆలోచన ఏదీ లేదు. ఒక పక్షం నిండా వకీళ్లు, రెండో పక్షం ఖాళీ.

వకీలు ఆ గదిలోకి రాలేకపోయినా గది బయట చేయగలిగింది చాలా ఉంది. పిలుపు వచ్చిన రోజునే సంప్రదిస్తే, ఏ ఈమెయిళ్లు, ఏ లావాదేవీల గురించి అడుగుతారో ముందే అంచనా వేయవచ్చు. తెలియని విషయానికి తెలియదని చెప్పడం, ఊహించి చెప్పకపోవడం, రాతపూర్వక వాంగ్మూలం అడిగితే తొందరపడి సంతకం చేయకపోవడం చిన్న సలహాల్లాగే కనిపిస్తాయి. కేసులు తిరిగేది వాటి మీదే. సంస్థ రికార్డులను సొంత ఈమెయిలుకు పంపుకోవద్దన్నది అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన సలహా. తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకునే ఆత్రంలో ఖాతాదారుల వివరాలున్న ఫైళ్లను ఇంటికి పంపుకొన్న ఉద్యోగి, తొలగింపుకు సంస్థ అప్పటిదాకా వెతుక్కుంటున్న కారణాన్ని తానే చేతికి అందించినట్టవుతుంది.

ఇక యు5లో రాసే మాటలు. ‘సంస్థ విధానాలను ఉల్లంఘించినందుకు తొలగింపు’ అని మాత్రమే రాస్తే చాలదని 2010లో ఫిన్రా సంస్థలకు గుర్తుచేసింది. ఏం జరిగిందో చదివేవారికి అర్థమయ్యేంత వివరం ఉండాలి. ఉద్దేశం మంచిదే. ఖాతాదారులను మోసగించినవాడు ఎక్కడా ఆనవాలు లేకుండా పక్క సంస్థలో చేరిపోకూడదు. అదే నియమం చేతిలో ఉన్న మేనేజరు, పోటీ సంస్థకు వెళ్తున్న మంచి ఉద్యోగి మీద మచ్చ వేయనూ గలడు. ఖాతాదారుడి ముందస్తు అనుమతి లేకుండా ఒక ట్రేడు (కొనుగోలో, అమ్మకమో) చేశాడన్న ఆరోపణ వచ్చిందనుకుందాం. ఖాతాదారుడు ఆ ఉదయం ఫోనులో సరేనన్నాక, బ్రోకరు మధ్యాహ్నం దాకా ఆగి చేసినందుకు అది సాంకేతిక ఉల్లంఘన అయి ఉండవచ్చు. ‘అనుమతి లేని ట్రేడింగ్’ అన్న మాటకూ, ‘ఖాతాదారుడు అంగీకరించిన ట్రేడును అదే రోజు ఆలస్యంగా నమోదు చేసినందుకు’ అన్న మాటకూ మధ్య ఒక మనిషి పదేళ్ల జీవనోపాధి ఉంది. రెండూ అబద్ధం కాకపోవచ్చు. దాఖలుకు ముందు ఉద్యోగి తరఫు వకీలు సంస్థ వకీలుతో మాట్లాడి, వాస్తవానికి దగ్గరగా ఉండే మాటలను సాధించగలిగేది ఇక్కడే. అబద్ధం రాయమని బేరమాడటానికి వీల్లేదు, సంస్థ అలా రాయకూడదు కూడా. నిజాన్ని పూర్తిగా రాయమనడం బేరం కాదు.

దాఖలయ్యాక దాన్ని తుడిచేయడం ఎంత కష్టమో న్యూయార్క్ రాష్ట్రం చూపిస్తుంది. 2007లో రోజెన్‌బర్గ్, మెట్‌లైఫ్ కేసులో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం యు5లో సంస్థ రాసిన మాటలకు పరువునష్టం దావా నుంచి సంపూర్ణ రక్షణ ఉందని తీర్పిచ్చింది. యు5 నియంత్రణ సంస్థ విచారణకు తొలి మెట్టు కాబట్టి, కోర్టులో సాక్షి మాటకు ఉండే రక్షణే దీనికీ ఉండాలన్నది కారణం. దురుద్దేశంతో రాసినా ఈ రక్షణ వర్తిస్తుంది. దేశంలో సెక్యూరిటీస్ ఉద్యోగాలు అత్యధికంగా ఉన్న రాష్ట్రంలో, ఉద్యోగి భవిష్యత్తును నిర్ణయించే పత్రం మీద పరువునష్టం దావాకు దారి మూసుకుపోయింది. చాలా ఇతర రాష్ట్రాల్లో రక్షణ షరతులతో కూడినది. అబద్ధమని తెలిసీ రాశారని నిరూపిస్తే నష్టపరిహారం వస్తుంది. ఇక రికార్డు నుంచే తొలగించాలంటే, ఆ మాటలు పరువునష్టం కలిగించేవి కాబట్టి తొలగించాలని ఆర్బిట్రేటర్లు (తీర్పు చెప్పే మధ్యవర్తులు) అవార్డులో, అంటే తమ తీర్పులో స్పష్టంగా చెప్పాలి. ఆ వాక్యం అవార్డులో లేకపోతే గెలిచినా మచ్చ మిగిలిపోవచ్చు. ఫిర్యాదు రాసేటప్పుడే ఆ మాటను అడగడం తెలిసిన వకీలు కావాలనడం అందుకే.

యు5 తర్వాత మరో ఉత్తరం రావచ్చు. ఫిన్రా 8210 నిబంధన కింద పత్రాలో, ప్రమాణపూర్వక వాంగ్మూలమో కోరుతుంది. ఉద్యోగం పోయినా ఫిన్రా అధికార పరిధి సాధారణంగా రెండేళ్లపాటు కొనసాగుతుంది. ఫిన్రా ప్రైవేటు సంస్థ కాబట్టి అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ ఇచ్చే మౌన హక్కు ఇక్కడ సాధారణంగా పనిచేయదు. జవాబివ్వకపోతే ఈ రంగం నుంచే నిషేధిస్తారు. ఈ ఘట్టంలో సంస్థే వకీలును ఏర్పాటుచేస్తానని ముందుకు రావచ్చు. ఇంకా ఉద్యోగంలో ఉన్నవారికి అది వరంలా కనిపిస్తుంది. సంస్థ పర్యవేక్షణ లోపించిందా, ఉద్యోగే తప్పు చేశాడా అన్నది అసలు ప్రశ్న అయినప్పుడు ఒకే వకీలు ఇద్దరి తరఫునా నిలబడలేడు. ఖర్చు సంస్థ పెట్టుకున్నా సరే, వకీలు వేరుగా ఉండాలని పట్టుబట్టాలి.

ఆర్బిట్రేషన్ దశలో ఎవరు ఎవరి తరఫున నిలబడవచ్చు? ఉద్యోగి తానే వాదించుకోవచ్చు. వకీలును పెట్టుకోవచ్చు. రాష్ట్ర చట్టం అడ్డుకోకపోతే వకీలు కానివారినీ పెట్టుకోవచ్చని ఫిన్రా నిబంధన చాలాకాలంగా అంటూ వచ్చింది. డబ్బు తీసుకుని వాదించే ఈ వకీలు కాని ప్రతినిధుల వల్ల జరిగే నష్టం మీద ఫిన్రాయే 2017లో బహిరంగంగా అభిప్రాయాలు కోరింది. వాళ్లకు బార్ కౌన్సిల్ క్రమశిక్షణ లేదు, క్లయింటు చెప్పిన రహస్యానికి చట్టరక్షణ లేదు, పొరపాటు చేస్తే నష్టపరిహార బీమా ఉండకపోవచ్చు. చౌకగా దొరుకుతారని వీళ్లను ఆశ్రయించడం మంచిది కాదు.

వాదన ఎవరి ముందన్నది తర్వాతి విషయం. 50 వేల డాలర్ల లోపు క్లెయిమును ఒకే ఆర్బిట్రేటర్ చూస్తారు, హియరింగు అడగకపోతే కాగితాల మీదే తేలిపోతుంది. లక్ష డాలర్లు దాటితే ముగ్గురు. ఉద్యోగికీ సంస్థకూ మధ్య వివాదమైతే వారిలో ఇద్దరు పరిశ్రమతో సంబంధం లేని ‘పబ్లిక్’ ఆర్బిట్రేటర్లు, ఒకరు పరిశ్రమ నుంచి వచ్చినవారు. వివక్ష వ్యతిరేక చట్టాల కింద వచ్చే ఫిర్యాదులకు ప్రత్యేక నియమాలున్నాయి: ప్యానెల్ అంతా పబ్లిక్ ఆర్బిట్రేటర్లే, అధ్యక్షత వహించేవారికి న్యాయపట్టా, ఉద్యోగ చట్టంతో పరిచయం ఉండాలి, ఉద్యోగి కట్టాల్సిన దాఖలు రుసుము 200 డాలర్లు దాటకూడదు. ఆర్బిట్రేటర్ల జాబితాలు వచ్చినప్పుడు ఎవరిని కొట్టేయాలి, ఎవరికి ఎన్నో స్థానం ఇవ్వాలి అన్నది ఊహ మీద చేసే పని కాదు. ఫిన్రా అవార్డులన్నీ ఆన్‌లైన్లో అందరికీ అందుబాటులో ఉంటాయి. ప్రతి ఆర్బిట్రేటర్ ఇదివరకు ఎలాంటి కేసుల్లో ఎవరికి ఎంత ఇచ్చారో వకీలు ఒక్కొక్కటిగా చదువుతారు. కేసులో సగం అక్కడ తేలుతుందంటే అతిశయోక్తి కాదు.

సాక్ష్యాలు రాబట్టడంలోనూ తేడా ఉంది. మదుపరులు వేసే కేసుల్లో సంస్థ తానే ఇవ్వాల్సిన పత్రాల జాబితా ముందే ఉంటుంది. ఉద్యోగ కేసుల్లో అలాంటి జాబితా లేదు. ఏది కావాలో ఉద్యోగే అడగాలి, కచ్చితంగా అడగాలి. తనను తొలగించిన ఉల్లంఘనే చేసిన తోటి ఉద్యోగులకు ఏ శిక్ష పడిందో చూపే పత్రాలు వివక్ష కేసుకు ప్రాణం. అవి అడగకపోతే ఎవరూ ఇవ్వరు. కోర్టు కేసుల్లో మాదిరిగా సాక్షులను ముందే ప్రశ్నించే డిపాజిషన్లను ఇక్కడ గట్టిగా నిరుత్సాహపరుస్తారు. మేనేజరును మొదటిసారి ప్రశ్నించేది హియరింగులోనే. ఏం చెబుతాడో తెలియకుండా క్రాస్ ఎగ్జామినేషన్ చేయడం అనుభవజ్ఞుడైన వకీలుకే కష్టం. తనను తీసేసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించాల్సిన ఉద్యోగి సంగతి చెప్పక్కర్లేదు.

ఓడితే దారి చాలా ఇరుకు. ఇరుపక్షాలూ కలిసి ముందే కోరితే తప్ప, కారణాలతో కూడిన అవార్డు సాధారణంగా రాదు. 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం అవార్డును కొట్టేయించాలంటే లంచం, మోసం, పక్షపాతం, ముఖ్యమైన సాక్ష్యాన్ని వినకపోవడం, అధికార పరిధి దాటడం వంటి కారణాలు చూపాలి, అదీ మూడు నెలల్లోగా. చట్టాన్ని తప్పుగా అన్వయించారన్నది ఈ జాబితాలో లేదు. ఏ కోర్టుకెళ్లాలన్నదీ చిక్కు ప్రశ్నే. 2022లో సుప్రీంకోర్టు తేల్చిన బాడ్జరో, వాల్టర్స్ కేసు సరిగ్గా ఇలాంటిదే. లూసియానాలో ఒక ఫైనాన్షియల్ అడ్వైజరు తన తొలగింపుపై ఫిన్రాలో ఓడి, అవార్డు మోసంతో వచ్చిందని రాష్ట్ర కోర్టుకెళ్లారు. అవతలివారు దాన్ని ఫెడరల్ కోర్టుకు లాగారు. అసలు వివాదం ఫెడరల్ చట్టానిదైనంత మాత్రాన అవార్డు మీద దరఖాస్తు ఫెడరల్ కోర్టుకు రాదని 8-1 మెజారిటీతో తీర్పు వచ్చింది. దాంతో ఇలాంటి దరఖాస్తుల్లో చాలావాటికి రాష్ట్ర కోర్టులే గతి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి.

ఇప్పుడు ప్రోనోటు కథ. సీనియర్ బ్రోకర్లను ఆకర్షించడానికి సంస్థలు చేరిన రోజే పెద్ద మొత్తం ఇస్తాయి. దాన్ని బోనసు అంటారు గానీ కాగితం మీద అది అప్పు. ప్రతి ఏడాదీ కొంత భాగం మాఫీ అవుతుంది. తొమ్మిదేళ్లకు 9 లక్షల డాలర్లు తీసుకున్న మనిషి నాలుగేళ్లకు బయటికొస్తే, మిగిలిన 5 లక్షలు వెంటనే కట్టాలి. తానుగా వెళ్లినా, సంస్థ తీసేసినా సాధారణంగా షరతు ఒకటే. ఈ బాకీల కోసం ఫిన్రాలో ప్రత్యేక వేగవంతమైన పద్ధతి ఉంది: ఒకే పబ్లిక్ ఆర్బిట్రేటర్, ముందున్న సాక్ష్యం నోటు, దాని మీద సంతకం. సంస్థకు ఇది తేలికైన కేసు. అక్రమంగా తొలగించారనో, చేరేటప్పుడు ఇచ్చిన హామీలు తప్పారనో ఉద్యోగి ఎదురు క్లెయిము వేస్తే, దాని మొత్తం లక్ష డాలర్లు దాటితే కేసు ముగ్గురి ప్యానెల్ ముందుకు వెళ్తుంది. ఎదురు క్లెయిము వేయాలా, ఎంతకు వేయాలి, జవాబుకు ఉన్న 45 రోజుల్లో ఆధారాలేమున్నాయి? సొంతంగా వాదించుకునేవారు ఎక్కువగా నష్టపోయేది ఈ మలుపులోనే. అవార్డు వచ్చాక 30 రోజుల్లో డబ్బు కట్టకుండా, కొట్టేయమని కోర్టుకూ వెళ్లకుండా ఉంటే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది. అప్పు తీర్చడానికి సంపాదించుకునే దారే మూసుకుపోతుంది. నోటు మీద సంతకం పెట్టే ముందు, అంటే ఉద్యోగంలో చేరే రోజున ఒక గంట వకీలు ఫీజు ఖర్చుపెట్టడం ఈ వ్యవహారమంతటిలో చాలా చవక.

సంస్థ మారేటప్పుడు ఖాతాదారుల సమాచారం మరో గొడవ. 2004లో స్మిత్ బార్నీ, మెరిల్ లించ్, యూబీఎస్ కలిసి ఒక ఒడంబడిక చేసుకున్నాయి. దాని కింద వెళ్లిపోయే బ్రోకరు ఖాతాదారు పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, ఖాతా పేరు మాత్రం తీసుకెళ్లవచ్చు. తర్వాత వెయ్యికి పైగా సంస్థలు చేరాయి. 2017 చివర్లో మోర్గాన్ స్టాన్లీ, యూబీఎస్ బయటికొచ్చేశాయి. వదిలే సంస్థ, చేరబోయే సంస్థ రెండూ ఒడంబడికలో ఉన్నాయో లేదో రాజీనామా ఇచ్చే రోజున సరిచూసుకోవాలి. లేకపోతే ఆ వారంలోనే కోర్టు ఇంజంక్షన్ ఉత్తర్వు రావచ్చు, వస్తే 15 రోజుల్లో ఫిన్రా హియరింగు మొదలవుతుంది. ఈ వేగానికి తట్టుకునేది ముందే తయారుగా ఉన్నవారే.

విడిపోయేటప్పుడు ఇచ్చే సెటిల్మెంట్ కాగితం గురించి చట్టమే ఒక మాట చెబుతోంది. 40 ఏళ్లు నిండిన ఉద్యోగి వయసు వివక్ష హక్కులను వదులుకుంటూ సంతకం పెట్టాలంటే, వకీలును సంప్రదించమని ఆ కాగితంలోనే రాతపూర్వకంగా సలహా ఇవ్వాలి. ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, సంతకం వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. 40 లోపువారికి ఈ రక్షణ లేదు. గోప్యత షరతులనూ జాగ్రత్తగా చదవాలి. ఎస్‌ఈసీకి ఫిర్యాదు చేయకుండా ఉద్యోగిని అడ్డుకునే షరతు చెల్లదు. హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయం ఉన్న డీఈ షా సంస్థ ఇలాంటి షరతుల విషయంలో 2023 సెప్టెంబరులో ఎస్‌ఈసీకి కోటి డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. వాయిదా వేసిన జీతం చేతికి రావాలంటే, నియంత్రణ సంస్థల దగ్గర ఎలాంటి ఫిర్యాదూ చేయలేదని ఉద్యోగులతో రాయించుకోవడం అందులో ఒక అంశం.

న్యూజెర్సీ, షార్లెట్, డల్లాస్ వంటి చోట్ల ఆర్థిక సంస్థల సాంకేతిక విభాగాల్లో పనిచేస్తున్న తెలుగువారి పరిస్థితి కొంత వేరు. వారిలో చాలామంది యు4 మీద సంతకం పెట్టి ఉండరు, కాబట్టి ఫారం యు5 వారికి వర్తించదు. ఉద్యోగంలో చేరిన రోజు కంప్యూటర్లో క్లిక్ చేసిన ఒప్పందాల్లో జామ్స్, ట్రిపుల్ ఏ వంటి సంస్థల ఆర్బిట్రేషన్‌కు అంగీకరించి ఉండే అవకాశం ఎక్కువ. హెచ్1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. కొత్త ఉద్యోగం, వీసా, పిల్లల చదువు అనే తొందరలో సెటిల్మెంట్ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేస్తారు. ఇక్కడ ఇమిగ్రేషన్ వకీలు ఒక్కరే సరిపోరు. ఉద్యోగ చట్టం తెలిసిన వకీలు కూడా ఆ మొదటి వారంలోనే కావాలి. చివరి పని దినం ఏ తేదీ అని రాయాలన్నది ఇద్దరూ కలిసి చూడాల్సిన విషయం. జీతంతో కూడిన నోటీసు కాలం కొన్ని వారాలు పెరిగితే గడువు లెక్క మారవచ్చు.

ఖర్చు మాట. అమెరికాలో ఎవరి వకీలు ఫీజు వారిదే. వివక్ష చట్టాలు, కొన్ని రాష్ట్రాల వేతన చట్టాలు, ఒప్పంద షరతులు దీనికి మినహాయింపులు. బోనసు, వివక్ష కేసులను గెలిస్తేనే ఫీజు అన్న పద్ధతిలో వకీళ్లు తీసుకుంటారు. ప్రోనోటు బాకీలో ప్రతివాదిగా ఉన్నవారికి గెలిచినా చేతికి డబ్బు రాదు కాబట్టి గంటల లెక్కనే చెల్లించాలి. ఇంకో లోతైన విషయం ఉంది. న్యూయార్క్ వంటి చోట్ల ఇరుపక్షాలూ తమ కాగితాల్లో వకీలు ఫీజు అడిగితే, ఆర్బిట్రేటర్లకు దాన్ని ఎవరికైనా ఇచ్చే అధికారం వస్తుంది. అలవాటుగా ఫిర్యాదు చివర ‘వకీలు ఫీజు ఇప్పించగలరు’ అని ఒక లైను రాసిన ఉద్యోగి, ఓడితే సంస్థ వకీళ్ల బిల్లుకు తలుపు తానే తెరిచినట్టవుతుంది.

ఫీజు కట్టలేని వారికి ఎవరున్నారు? మదుపరుల వైపు కొంత ఆసరా ఉంది. న్యూయార్క్‌లోని పేస్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల 1997లో దేశంలోనే మొదటిసారిగా, బ్రోకర్ల చేతిలో నష్టపోయిన చిన్న మదుపరుల కోసం న్యాయ సహాయ క్లినిక్ తెరిచింది. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులే కేసులు నడుపుతారు. తర్వాత మరికొన్ని కళాశాలలు అదే దారి పట్టాయి. ఇవి ఏర్పడింది మదుపరుల కోసం. బ్రోకరేజీ శాఖలో ఏడాదికి 50 వేల డాలర్ల జీతానికి పనిచేసి, మేనేజరు ఆదేశంతో చేసిన పనికి తన పేరు మీద యు5 పడిన సేల్స్ అసిస్టెంటుకు ఆ క్లినిక్కుల తలుపు తట్టే వీలు లేదు. ఆమె క్లెయిము మొత్తం చిన్నది కాబట్టి, గెలిస్తేనే ఫీజు తీసుకునే వకీళ్లూ సాధారణంగా ముందుకు రారు. ఫిన్రా ఆర్బిట్రేషన్‌ను తప్పనిసరి చేసిన పరిశ్రమ, ఆ ఆర్బిట్రేషన్‌లో నిలబడటానికి ఇలాంటి ఉద్యోగికి కనీసం తొలి సలహాకైనా ఒక వకీలును అందుబాటులో ఉంచాలి. సభ్య సంస్థలు కట్టే రుసుముల్లోంచి ఆ ఖర్చు భరించడం అసాధ్యమేమీ కాదు. యు5 ముసాయిదాను దాఖలుకు కొన్ని రోజుల ముందే ఉద్యోగికి చూపించాలన్న ఒక్క నియమం తెచ్చినా, ఈ రోజు ఏళ్ల తరబడి ఆర్బిట్రేషన్‌లో తేలుతున్న వివాదాల్లో చాలావాటిని రెండు ఫోను సంభాషణల్లో సర్దుబాటు చేయవచ్చు.